సాయిలు ఫోటో

"ఫోటో ఇచ్చేదాంక కదల్ను సారూ!"

డాక్టరు గది గుమ్మంలోనే బుచ్చమ్మ చతికిలబడింది. మియాపూర్ నుంచి నడిచొచ్చిన కాళ్లు. మోకాళ్ల దాకా దుమ్ము.

నరసింహమూర్తికి చిర్రెత్తుకొచ్చింది. పిచ్చికీ మెదడు ఆకారానికీ సంబంధం ఉందా అన్నది అతని పరిశోధన. మూడేళ్లుగా ఈ దవాఖానలో రోగుల వెన్నులోంచి సూదితో గాలి ఎక్కించి, మెదడు ఆకారం కనబడేలా ఎక్స్‌రేలు తీయిస్తున్నాడు. పనికొచ్చినవి పదకొండే. వాటిలో బుచ్చమ్మ కొడుకు సాయిలుది అన్నిటికన్నా స్పష్టంగా వచ్చింది. నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే ఇంత చదువూ బూడిదే.

"అది బయటికి ఇచ్చేది కాదమ్మా. కావాలంటే ఇంకోటి తీద్దాం, సాయిల్ని తీసుకురా."

"గా పని నాతోని అయ్యేదుంటే నీ కాళ్లెందుకు మొక్కుత?"

"ఇంతకీ ఎవరికి చూపిస్తావు?"

"పెద్దసారుకు. ఫోటో లేనిది చెయ్యి వెట్టడంట."

నరసింహమూర్తి ఉలిక్కిపడ్డాడు. ఇంకో డాక్టరును పట్టిందన్నమాట! కేసు చేజారిపోతోంది.

"ఆయన నాకంటే ఏం పొడుస్తాడు?"

"నువ్వేం బొడిసినవు బిడ్డా? ఈపుల సూది బొడిసినవు. మూడు దినాలు తల వట్టుకొని ఏడ్సిండు నా కొడుకు. మా ఇంటిల ఎవ్వలం ఫోటో దిగినోళ్లం గాదు. వాడొక్కడే దిగిండు, అదిగూడ మీ తాన్నే. జర ఇయ్యి, నీ కడుపు సల్లగుండ."

ఆమె అతని కాళ్లు పట్టేసుకుంది. విడిపించుకోవడం అతనివల్ల కాలేదు. తిట్టుకుంటూ బీరువా తెరిచి, కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రెండ్రోజుల్లో తెచ్చివ్వాలి. నా బతుకంతా దీనిమీదే ఉంది."

"నాది గూడ సారూ."

కొంగుతో చేతులు తుడుచుకుని, కవర్లోంచి ఫిల్మును మెల్లగా బయటికి లాగింది. కిటికీ వెలుగుకు పట్టి చూసింది. తిప్పి చూసింది. తలకిందులు చేసి చూసింది.

"గిదేంది? కండ్లేవి? వాని మొకమేది?"

"మొహం ఉండదమ్మా. ఇది లోపలి మెదడు. ఎంత చక్కగా వచ్చిందో చూడు!"

"ఇయ్యాల్టికి తొమ్మిది దినాలాయె సారూ వాడు తప్పిపోయి, ఫోటో తెస్తెనే ఎతుకుతమన్నడు పోలీసు ఠాణాల పెద్దసారు... గీ పుర్రె, బొక్కలు జూసి నా కొడుకును ఎవ్వలు గుర్తువడ్తరు?"