విడిపోయిన భజన

“ప్రజల భాషను చిన్నచూపు చూస్తే దేశమే రెండవుతుంది, ఆంజనప్పా! బంగ్లాదేశ్ అట్లే పుట్టింది,” అని పత్రిక మడుస్తూ ఉపన్యసించాను.

ఊరిగాం భజన మందిరంలో ఆ శనివారం నాకు శ్రోత అతడొక్కడే. తక్కిన గని కార్మికులందరూ గురువమ్మ వెంట వెళ్లి, పక్క ఇళ్ల లైనులో వేరు భజన పెట్టుకున్నారు.

“గురువమ్మ యాల విడిపోయిందో తెలుసునా సామీ?”

“అహంకారం! మళ్లీ అందరినీ కలపాలి.”

“అహంకారం కాదు సామీ. ‘రాముడు యాడ ఉండాడు’ అని ఆయమ్మ పాడతా ఉంటే, మీరు తాళం నిలిపి ‘ఎక్కడ ఉన్నాడు’ అనమంటిరి. అందరి ముందర, మూడు తూర్లు.”

వేయి పద్యాలు కంఠస్థమైన నేను పత్రిక పక్కన పెట్టి లేచాను. ఢాకా కన్నా పక్క లైనే దూరమనిపించింది. అయినా నడిచాను.

నన్ను చూడగానే అక్కడ పాట ఆగిపోయింది. గురువమ్మ చాప జరిపింది.

“కూర్చోండి సామీ. శరణార్థులకు ఈడ చోటుండాది. తాళం మటుకు మా సీనప్ప ఏస్తాడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకొని, గురువమ్మ పాటను మొదటిసారి చివరిదాకా విన్నాను.