గుండె తినే మొదటి ముద్ద

చెరువు బురదలో నిలబడ్డ గేదె వెనకకాలి గిట్టకు చలేసింది. కోపంగా గుండెను అడిగింది.

"అందరికీ నెత్తురు వడ్డించేదానివి, మొదటి ముద్ద నువ్వే తింటావట! వడ్డించేవాళ్లు ఆఖర్న కదా తినాలి?"

గుండెకు సిగ్గేసింది. తన నుంచి బయల్దేరే నెత్తురులో మొదటి వాటా తనదే, నిజమే. "సరేలే తల్లీ," అని ఆ వాటా కూడా గిట్టకే పంపేసింది.

కాసేపటికి గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. ఊపిరితిత్తులు గాలి నింపి పంపిన నెత్తురు దండిగానే ఉంది. దాన్ని కాళ్లదాకా నెట్టే బలమే లేదు. గేదె మోకాళ్లు వణికాయి. గిట్ట ముందుకన్నా చల్లబడింది.

"గుండెమ్మా, నువ్వు తిన్నావా?" అని అడిగింది గిట్ట.

"మీరంతా తిన్నాక తింటాలే," అంది గుండె నీరసంగా.

గిట్టకు ఏడుపొచ్చింది. "ముందు నువ్వు తిను. నేను ఆగుతాను," అంది, చలికి వణుకుతూనే.