బిస్కెట్లు మరిగిన పిట్ట

ఆఫ్రికా గడ్డిమైదానంలో ఖడ్గమృగం మామకు చూపు ఆనదు. అందుకే అతని వీపు మీద పురుగులు ఏరుకుతినే పిట్ట, ఎవరొచ్చినా కీచుమని అరిచి చెప్పేది.

ఒకనాడు అడవి చూడవచ్చినవాళ్ల జీపు మీద వాలి, పిట్ట వాళ్లు పెట్టిన బిస్కెట్లు మరిగింది. "రండి, మా మామను చూపిస్తా!" అని కీచుకీచుమంటూ వాళ్లను అతని పొద దాకా తీసుకెళ్లింది.

ఆ అరుపు వినగానే మామ బుసకొడుతూ జీపు మీదికి ఉరికాడు. డ్రైవరు బండి తిప్పేశాడు. మామ గురితప్పి ముళ్లకంపలో పడ్డాడు.

సాయంత్రం పిట్ట మెల్లగా వచ్చి అతని వీపు మీద వాలింది.

"వచ్చావా తల్లీ! జీపులోంచి నీ గొంతు వినపడితే, నిన్ను పట్టుకుపోతున్నారనుకున్నానే. దెబ్బలేం తగల్లేదు కదా?"

మామకు కనపడదని తెలిసి కూడా, పిట్ట ముక్కుకంటిన బిస్కెట్ పొడిని గబగబా రెక్కకు తుడిచేసుకుంది.