రెండో పిల్లకి ఉడుత ఉంచుకున్నది

నేరేడు చెట్టు తొర్రలో సిరిచుక్క అనే ఉడుత ఉండేది. దానికి రెండో పిల్ల పుట్టే రోజులు దగ్గరపడ్డాయి. లేత ఎండ ఆకుల్లోంచి జారి దాని వీపు మీది చారల్ని ముద్దు పెట్టుకుంటున్న ఓ పూట, అది తొర్రలోని సామాన్లన్నీ ఒక్కొక్కటే కింద పడేయడం మొదలుపెట్టింది. గిలక్కాయ పోయింది. మఖమల్ గుడ్డ పోయింది. దారాల ఊయల కూడా పోయింది.

మొదటి పిల్లప్పుడు అవన్నీ తెచ్చిపెట్టిన కాకి పిన్ని లబోదిబోమంది.

"ఇదేం చోద్యమే! రెండోదంటే అంత అలుసా? నలుగురూ ఏమనుకుంటారే?"

"అనుకోనీ పిన్నీ! పోయినసారి నీ మాట విని తొర్ర నిండా నింపాను. నా బంగారుతల్లికి పడుకోడానికి చోటే లేక, అంచున పడుకుని వానకి తడిసి మూడు రోజులు వణికిపోయింది. ఈసారి కొబ్బరి పీచు ఒక్కటే ఉంచుకుంటా. వెచ్చగా ఉంటుంది, చాలు."

"చూస్తాగా నీ పొగరు!" అంది కాకి.

పిల్ల పుట్టిన వారానికే పెద్ద గాలివాన వచ్చింది. పై కొమ్మ విరిగి తొర్రలోకి నీళ్లు చేరాయి. ఇంకాస్సేపుంటే పసిది మునిగిపోయేదే. పెద్దపిల్ల ముందు పక్క చెట్టు మీదికి దూకింది, వెనకే సిరిచుక్క పరుగు తీసింది.

కాకి పైనుంచి అరిచింది: "ఏమే, ఇల్లంతా వదిలేసి వట్టిగా పోతున్నావా?"

సిరిచుక్క తోక నిటారుగా ఎత్తి పక్క చెట్టు మీదికి దూకింది. దాని నోట్లో పిల్ల ఉంది.