సుభద్రమ్మ పేరున్న చేప

ఆ రోజుల్లో మనిషి పోతే, కొత్తగా బయటపడిన శిలాజ జీవికి ఆ పేరు పెట్టించుకోవడం ఇంటింటా ఆనవాయితీ. రాయిని చూసి జాతి తేల్చేది యంత్రమే. కాకపోతే ఒక మనిషి కూడా చూసి ఒప్పుకోవాలి. వైదేహి ఇంట్లో కూర తరుగుతూనే ఆ పని చేసేది.

ఒక ఉదయం తెరమీదికొచ్చిన చేప ఎముకలు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. అది మస్తాన్ అనే డ్రైవరు పేరున్న పెద్ద చేపకూ, పక్కింటి సుభద్రమ్మ పేరున్న చిన్న చేపకూ నడిమి వయసుది. మూడూ ఒకే జాతి. సుభద్రమ్మది కొత్త జాతి కాదు, ఉత్త పిల్లచేప. పోయినేడు తనే సరిగ్గా చూడకుండా ఒప్పేసుకుంది. ఒకే జాతికి ముందు పెట్టిన పేరే, అంటే మస్తాన్ పేరే, నిలుస్తుంది కాబట్టి సుభద్రమ్మ పేరు కొట్టేయాలి.

వైదేహి పక్కింటికి వెళ్ళేసరికి సుభద్రమ్మ భర్త సోమేశం ఆ చేప పటానికి దండ మారుస్తున్నాడు. ఆమె తలొంచుకుని అంతా చెప్పింది.

"తప్పు నాదే బాబాయిగారూ."

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు."

ఆయన చేతిలోని దండ పక్కన పెట్టాడు.

"మీ పిన్ని దొంగపేరు ఒప్పుకునే మనిషి కాదమ్మా. కొట్టెయ్యి." మళ్ళీ అన్నాడు, "ఆ మస్తాన్ వాళ్ళింట్లో కూడా చెప్పు. వాళ్ళ చేప చిన్నప్పుడెలా ఉండేదో తెలిసిందని సంతోషిస్తారు."

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది వైదేహికి.