ఆగని బల్ల

మా ల్యాబులో ప్రయోగాలన్నీ యంత్రపు బల్లే చేస్తుంది. ఉప్పునేలలో వరి ఎందుకు చస్తుందో తనే పరీక్షలు పెట్టుకుని, రోజూ పొద్దున్నే కొత్త ఫలితాలు అచ్చు వేస్తుంది. థీసిస్ మాత్రం స్కాలరు చేత్తోనే రాయాలని యూనివర్సిటీ రూలు. నేను నాలుగో అధ్యాయంలోకి వచ్చేసరికి బల్ల ఇచ్చిన ఫలితంతో రెండోది పనికిరాకుండా పోతుంది. అలా మూడుసార్లు తిరగరాశాను.

"బల్ల బందు చెయ్యనియ్యండి సార్," అని మా గైడు అంజయ్యగారిని అడిగాను.

"రేపే అసలు జవాబు వస్తే ఏం జేస్తవమ్మా?"

"ఆరేండ్ల సంది రోజూ గదే అనుకుంటున్న సార్."

ఆయన నా వేళ్లకున్న సిరా మరకలు చూసి, బల్ల తాళంచెవి తీసిచ్చారు.

ఇరవై రోజుల్లో థీసిస్ పూర్తయింది. ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చి, బల్లను మళ్లీ నడిపించాను. గంటలో ఫలితం వచ్చింది. నా మూడో అధ్యాయం తప్పు.

రసీదు బ్యాగులో దాచుకుని, ఆ ఫలితం కాగితాన్ని నిన్ననే కొత్త స్కాలరుగా చేరిన హరిప్రియ చేతిలో పెట్టాను.

"ఇదేంది అక్కా?"

"నీ మొదటి అధ్యాయం. రాసుడు తర్వాత, ముందుగాల తాళంచెవి యాడుంటదో చూసుకో."