నడుము కాదు

పేరు పెట్టి చెప్పుకోలేనంత మాత్రాన నొప్పి అబద్ధమైపోతుందా?

ఆసుపత్రిలో ఎముకల విభాగం ముందు, ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఓ తర్కశాస్త్రం లెక్చరర్ తనను తానే ప్రశ్నించుకుంది.

కింద టోకెన్ల కౌంటర్లో ఈసారి కూడా "నడుము నొప్పి" అనే రాయించింది. వెనక అంతమంది జనం, ఇంకేం చెబుతుంది?

పెళ్లయిన నాటినుంచీ అదే మాట. ఇంట్లో అలమర నిండా నడుము బెల్టులు పేరుకున్నాయి. కూర్చుంటే మాత్రం నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. భర్త దగ్గరకు వస్తే ఒళ్లు బిగుసుకుపోతోంది. ఇవాళ కూడా దారి దొరకకపోతే ఉద్యోగమూ సాగదు, కాపురమూ సాగదు.

"కుర్చీతో ఏమైనా తగాదానా, అమ్మాయ్?"

పక్కన సాదా బట్టల్లో ఓ పెద్దావిడ. భుజాన సంచీ.

"నడుము నొప్పండీ."

"నడుము నొప్పివాళ్లు కుర్చీ కనబడితే చాలు, కూలబడతారు. నువ్వేమో దాన్ని శత్రువును చూసినట్టు చూస్తున్నావు. మంట యోని దగ్గర కదూ?"

లెక్చరర్ ముఖం జేవురించింది.

"మెల్లిగా మాట్లాడండి!"

"ఎందుకూ? ఆయన మోకాలి గురించి అంతలా మొత్తుకుంటుంటే ఎవరైనా చెవులు మూసుకున్నారా?"

ఎదుటి ముసలాయన మోకాలు రుద్దుకోవడం ఆపి ఇటు చూశాడు.

"ఒకసారి ఓ డాక్టరుకు చెప్పాను" అని గొణిగింది లెక్చరర్. "అంతా మనసులోనే ఉందన్నారు."

"చూడకుండానే అనేశారన్నమాట! దూదిపుల్లతో తాకి, ఎక్కడ మండుతోందో వెతకాలి. పైన పూసే తిమ్మిరి మందుంది. నరాల నొప్పికి మాత్రలున్నాయి. బిగిసిన కండరాలను వదులు చేసే వ్యాయామాలున్నాయి. ఒకటి పనిచేయకపోతే మరొకటి. రా నాతో, కిందికి వెళ్దాం."

వరుసలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు.

"మీకేమైనా మతి పోయిందా? మీ పని మీరు చూసుకోండి!"

"నా పని ఇదేనమ్మా" అని, పెద్దావిడ మెట్లు దిగి వెళ్లిపోయింది.

లోపల ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూశాడు.

"మీ నడుం భేషుగ్గా ఉంది మేడం. బయట ఆవిడతో గొడవేమిటి?"

"ఎవరో చాదస్తపు మనిషండీ."

"ఆవిడ డాక్టరు. స్త్రీలకు వచ్చే ఇలాంటి నొప్పుల కోసమే ఇక్కడో విభాగం పెట్టింది. నడుమని చెప్పుకుని వచ్చేవాళ్లలో తన పేషెంట్లుంటారని, నా గుమ్మం ముందు వెతుక్కుంటూ ఉంటుంది."

"ఇప్పుడెక్కడ ఉంటారు?"

"ఇంకెక్కడ? ఇవాళే ఆఖరు. ఆ జబ్బుతో ఎవరూ రావడం లేదని విభాగం ఎత్తేశారు. తాళాలిచ్చి వెళ్లిపోయి ఉంటుంది."

ఎవరూ రావడం లేదు. ఆ నిర్ధారణకు తన అబద్ధమూ ఒక ఆధారమేనని లెక్చరర్‌కు స్ఫురించింది.

ఆమె పరుగున మెట్లు దిగింది. కింద ఆ విభాగం గదికి తాళం వేసి ఉంది.

తిన్నగా కౌంటర్ దగ్గరకు నడిచింది.

"మళ్లీ ఏమిటమ్మా?" అన్నాడు గుమాస్తా.

"నడుము కాదు. యోని దగ్గర నొప్పి. ఏళ్ల తరబడి ఉంది. అలాగే రాయండి."

ఏ విభాగం కింద రాయాలో తెలియక గుమాస్తా తడబడ్డాడు.

"ఆ విభాగం... మూసేశారమ్మా."

"తెరవండి" అంది ఆమె, కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి. "ఆ డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేయండి. పేషెంటు వచ్చిందని చెప్పండి."